ఆ కాగితం మీద పేరెవరిది?

స్వీట్ షాపులో అరకిలో మైసూర్‌పాక్ కొంటే ఇప్పుడు చాలాచోట్ల ప్లాస్టిక్ కవర్‌కు బదులు కాగితం సంచిలో పెట్టి ఇస్తున్నారు. ఖాళీ అయ్యాక దాన్ని పారేయకుండా ఒకసారి చూడండి. మడిచి ఉన్నప్పుడు పుస్తకంలో పేజీలా పల్చగా ఉంటుంది. విదిలించగానే నోరు తెరుచుకుని, అడుగు చదునుగా పరుచుకుని, బల్ల మీద తనంతట తాను నిలబడుతుంది. ఆ అడుగును చిరిగిపోకుండా మెల్లగా విప్పితే లోపలి కిటుకు తెలుస్తుంది. గొట్టంలా చుట్టిన కాగితం, చివర దాన్ని వెడల్పుగా తెరిచి వేసిన ఒక మడత, దాని మీదకు ఇటు నుంచొకటి, అటు నుంచొకటి, మధ్యలో సన్నగా జిగురు. చేత్తో చేయాలంటే ఓపిక కావాలి. ఒకప్పుడు చేత్తోనే చేసేవాళ్లు. యంత్రాలకు కవర్‌లాంటి చదునైన సంచులే చేతనయ్యేవి.

ఆ మడతలన్నీ యంత్రం చేత వేయించిన మనిషి మార్గరెట్ నైట్. 1838లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో పుట్టింది. చిన్నప్పుడే తండ్రి పోవడంతో బడి మానేసి న్యూ హాంప్‌షైర్‌లో ఒక నూలు మిల్లులో పనికి కుదిరింది. పన్నెండేళ్ల వయసులో మగ్గం మీంచి, పోగును అటూ ఇటూ మోసే నాడె ఎగిరొచ్చి ఒకరిని గాయపరచడం చూసి, అలా జరగకుండా అడ్డుకునే ఏర్పాటు ఒకటి ఆలోచించింది. పేటెంట్ అనేది ఒకటుంటుందని కూడా తెలియని వయసు. దానివల్ల ఆమెకు పైసా రాలేదు.

తర్వాత మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో కాగితం సంచుల కంపెనీలో పనిచేస్తూ చదునైన అడుగు సంచి యంత్రానికి చెక్కతో నమూనా కట్టింది. అది పనిచేసింది. ఇనుముతో చేయించడానికి బోస్టన్‌లో ఒక వర్క్‌షాప్‌కు ఇచ్చింది. అక్కడికి వచ్చిపోయే చార్లెస్ అనన్ అనే వ్యక్తి దాన్ని చూశాడు. నైట్ దరఖాస్తు పెట్టుకునే సమయానికి అదే యంత్రం అతని పేరిట పేటెంట్ అయి ఉంది. ఆమె ఊరుకోలేదు. రోజుకు వంద డాలర్లు పోసి లాయర్‌ను పెట్టుకుని కేసు నడిపింది. తన బొమ్మలు, రాసుకున్న కాగితాలు, చెక్క నమూనాలు, పక్కనుండి చూసినవాళ్ల సాక్ష్యాలు అన్నీ ముందు పెట్టి గెలిచింది. 1871 జులైలో పేటెంట్ ఆమె పేరిట వచ్చింది.

ఈ కథను నేను గెలుపు కథగా మాత్రమే చదవలేను. వాదించడానికి డబ్బు, కాగితాలు దాచుకునే అలవాటు, మొండితనం ఉన్న ఒక్క నైట్ మనకు తెలిసింది. ఆ మూడింటిలో ఏ ఒకటి లేకపోయినా ఆ యంత్రం చార్లెస్ అనన్ పేరునే ఉండిపోయేది. అలా మిగిలిపోయినవాళ్లు లెక్కలోకే రాలేదు.

ఆ లెక్క ఇప్పుడు ఎలా ఉందో చూడండి. 2019లో యూరోపియన్ పేటెంట్ ఆఫీసు లెక్క ప్రకారం ఆవిష్కర్తల్లో మహిళలు 13.2 శాతం. అదే ఏడాది అమెరికాలో 12.8 శాతం. ప్రపంచ మేధోసంపత్తి సంస్థ ద్వారా వెళ్లే అంతర్జాతీయ దరఖాస్తుల్లో 2023 నాటికి 17.7 శాతం. వైద్యుల్లో, టీచర్లలో, పరిశోధకుల్లో కనిపించే మార్పు పేటెంట్ల దగ్గరికి వచ్చేసరికి నత్తనడక నడుస్తోంది. దీనికి ఎక్కువగా వినిపించే జవాబు, ‘ఆడవాళ్లకు యంత్రాల మీద ఆసక్తి తక్కువ’ అని. కాస్త మర్యాదగా చెప్పేవాళ్లు ‘ఇంజనీరింగ్ చదివేవాళ్లు తక్కువ కదా’ అంటారు. నా దృష్టిలో ఆలోచన తట్టడం ఒకటి, ఆ ఆలోచన మీద పేరు పడటం ఇంకొకటి. ఈ రెండింటి మధ్య దారి ఎలా పూడుకుపోయిందో చరిత్రలో దొరుకుతుంది.

చాలామంది ఊహించని సంగతి ఒకటుంది. ఆ దారిని మూసింది పేటెంట్ చట్టం కాదు. 1790లో అమెరికా తన మొదటి పేటెంట్ చట్టం రాసుకున్నప్పుడు దరఖాస్తుదారు గురించి ‘అతడు, ఆమె, లేదా వారు’ అని స్పష్టంగా రాసింది. ఓటు హక్కు ఇవ్వడానికి ఇంకా నూట ముప్పై ఏళ్లు పట్టిన దేశం పేటెంట్ కాగితంలో ‘ఆమె’కు చోటిచ్చింది. అడ్డం వచ్చింది కుటుంబ చట్టం. ఇంగ్లండ్ నుంచి అమెరికాకు వెళ్లిన ఆ చట్టంలో కవర్చర్ అనే పద్ధతి ఉండేది. పెళ్లితో భార్యాభర్తలు చట్టం దృష్టిలో ఒకే మనిషి అయిపోతారు. ఆ ఒకే మనిషి భర్త. 1765లో ఇంగ్లిష్ న్యాయశాస్త్రవేత్త బ్లాక్‌స్టోన్ దీన్ని ఏ దాపరికం లేకుండా రాసిపెట్టాడు. పెళ్లయిన స్త్రీ సొంతంగా ఒప్పందం చేసుకోలేదు, దావా వేయలేదు, తన సంపాదన తనదని అనలేదు. మన దగ్గర పెళ్లయితే ఇంటిపేరు మారుతుంది. అక్కడ చట్టం దృష్టిలో మనిషే మాయమయ్యేది.

పేటెంట్ అంటే ఆస్తి. ఆస్తి ఉంచుకునే హక్కు లేని మనిషికి పేటెంట్ వచ్చినా దానితో ఏం చేసుకోవాలి? అమ్మలేదు, అద్దెకివ్వలేదు, ఎవరైనా దొంగిలిస్తే కోర్టుకెక్కలేదు. అలాంటప్పుడు ఆ ఖర్చు, ఆ తిరుగుడు ఎవరు పెట్టుకుంటారు?

1790కి ముందు ఎలా ఉండేదో చెప్పడానికి ఫిలడెల్ఫియాకు చెందిన సిబిల్లా మాస్టర్స్ ఒక్కరు చాలు. మొక్కజొన్నను తిరగలి రాళ్ల మధ్య విసరకుండా రోకళ్లతో దంచే యంత్రం ఆమె ఆలోచించింది. పళ్లచక్రం తిరుగుతుంటే బరువైన రోకళ్లు లేచి రోళ్లలో పడతాయి. అక్కడి ఆదివాసీ స్త్రీలు మొక్కజొన్నను దంచుకునే తీరు చూసి ఆమెకు ఆ ఊహ వచ్చిందని చెబుతారు. ఆ స్త్రీల పేర్లు ఏ కాగితంలోనూ లేవు. సిబిల్లా 1712లో ఓడెక్కి లండన్ వెళ్లింది. 1715లో పేటెంట్ వచ్చింది, భర్త థామస్ మాస్టర్స్ పేరిట. ఆయన భార్య సిబిల్లా కనిపెట్టినది అని ఆ పేటెంట్‌లోనే రాసి ఉంది. ఎవరు కనిపెట్టారో రాజుగారికి తెలుసు, రాసిన గుమాస్తాకు తెలుసు, భర్తకూ తెలుసు. అయినా హక్కు భర్తకే. మరుసటి ఏడాది తాటిజాతి ఆకులు, గడ్డితో టోపీలు అల్లే పద్ధతికి వచ్చిన రెండో పేటెంట్ కూడా అంతే.

సొంత పేరిట అమెరికా పేటెంట్ తీసుకున్న మొదటి స్త్రీగా సాధారణంగా చెప్పేది కనెక్టికట్‌కు చెందిన మేరీ కీస్ పేరు. 1809లో, గడ్డిని పట్టుదారంతో కలిపి నేసే పద్ధతికి. యూరప్ సరుకు రాకుండా ఆంక్షలున్న రోజులవి, దేశంలోనే టోపీలు తయారవ్వాల్సిన అవసరం ఏర్పడింది. ఆమె పేటెంట్ అసలు కాగితం ఇప్పుడు లేదు. 1836 డిసెంబరులో పేటెంట్ ఆఫీసు తగలబడినప్పుడు అదీ పోయింది.

తర్వాత చట్టం కదిలింది. 1839లో మిసిసిపీ, 1848లో న్యూయార్క్, ఆపై ఒక్కొక్క రాష్ట్రం పెళ్లయిన స్త్రీకి ఆస్తి హక్కు ఇస్తూ వచ్చాయి. ఇంగ్లండ్‌లో పూర్తిస్థాయి చట్టం రావడానికి 1882 దాకా పట్టింది. జోరినా ఖాన్ అనే ఆర్థిక చరిత్రకారిణి 1790 నుంచి 1895 దాకా అమెరికా పేటెంట్ రికార్డులు తిరగేసి, ఈ చట్టాలు వచ్చిన రాష్ట్రాల్లో మహిళల పేటెంట్లు పెరిగాయని చూపించింది. నాకు ఈ మొత్తం విషయంలో అన్నిటికంటే ముఖ్యమైన ఆధారం ఇదే. చట్టం మారినంతలో స్త్రీల బుర్రలు మారిపోవు కదా. బుర్రలో ఉన్నది బయటికి వచ్చే దారి తెరుచుకుంది, అంతే.

మన సంగతి కూడా ఒక్క మాట. హిందూ సంప్రదాయంలో స్త్రీధనం స్త్రీదే, కాబట్టి కవర్చర్ లాంటిది మనకు అచ్చంగా లేదు. కానీ పెట్టుబడికి పనికొచ్చే భూమి, ఇల్లు, దుకాణం కొడుకులకే వెళ్లేవి. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ పుట్టుకతో వాటా అని ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణ 1985 సెప్టెంబరు నుంచి అమలైంది, అదీ అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు. దేశమంతటికీ 2005లో వచ్చింది. వర్క్‌షాప్ పెట్టడానికి బ్యాంకు ముందు తాకట్టుగా చూపించే కాగితం ఎవరి పేరున ఉంటుందన్నది చిన్న విషయం కాదు.

చట్టం తెరుచుకున్నాక కూడా మిగిలిన అడ్డంకి పనిముట్లు. 1880 దాకా అమెరికాలో పేటెంట్ కావాలంటే మామూలుగా బొమ్మ గీసిస్తే సరిపోయేది కాదు, నమూనా చేసి ఇవ్వాలి. ఇనుము కరిగించేవాడు, లేత్ తిప్పేవాడు, బొమ్మ గీసేవాడు, లాయరు, అందరూ మగవాళ్లే. ఆలోచన వచ్చిన స్త్రీ దాన్ని ముందుగా ఒక మగవాడి చేతిలో పెట్టి తీరాలి. నైట్ ఇనుప నమూనా బోస్టన్‌లో ఎందుకు పరాయి కంట పడిందో ఇప్పుడు అర్థమవుతుంది.

మార్తా కాస్టన్ ఇదే బాధ ఇంకోలా పడింది. 1848లో భర్త చనిపోయినప్పుడు ఆమెకు ఇరవై దాటి ఎన్నో ఏళ్లు కాలేదు, చేతిలో చిన్నపిల్లలు. భర్త కాగితాల్లో రాత్రిపూట ఓడలు ఒకదానికొకటి రంగుల వెలుగుతో సైగ చేసుకునే ఆలోచన తాలూకు రాతలు దొరికాయి. ఆ రాతలతో సరుకు తయారు కాలేదు. బాణసంచా తయారీదారులకు తనే ఉత్తరాలు రాసింది, మగవాడి పేరుతో. ఆడమనిషి రాసిందంటే పట్టించుకోరేమోనని భయం. దాదాపు పదేళ్లు తంటాలు పడి తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ వెలుగులు స్పష్టంగా, చాలాసేపు వెలిగేలా సాధించింది. 1859లో పేటెంట్ వచ్చింది, చనిపోయిన భర్తను ఆవిష్కర్తగా, ఆమెను ఆయన ఆస్తి చూసుకునే మనిషిగా పేర్కొంటూ. అమెరికా అంతర్యుద్ధంలో నౌకాదళానికి ఆ సైగలు ఎంతో అక్కరకొచ్చాయి. వాటి హక్కులకు ఆమె అడిగింది 40 వేల డాలర్లు, ప్రభుత్వం ఇచ్చింది 20 వేలు. తను మెరుగుపరిచిన సైగలకు సొంత పేరిట పేటెంట్ 1871లో గానీ రాలేదు. నైట్ గెలిచిన సంవత్సరమే.

వాషింగ్టన్‌లో ఇళ్లల్లో పనిచేసిన ఎలెన్ ఎగ్లిన్ గురించి రాసేటప్పుడు నాకు ప్రతిసారీ మనసు చివుక్కుమంటుంది. బట్టలు పిండే యంత్రం ఒకటి తయారుచేసి 1888లో దాన్ని 18 డాలర్లకు ఒక ఏజెంట్‌కు అమ్మేసింది. ఎందుకమ్మావని తర్వాత అడిగితే, తను నల్లజాతి స్త్రీనని, ఇది నల్లామె పేటెంట్ అని తెలిస్తే తెల్ల ఇల్లాళ్లు కొనరని చెప్పింది. సిబిల్లా పేరును చట్టం చెరిపింది. ఎగ్లిన్ తన పేరును తానే దాచుకోవాల్సి వచ్చింది. యంత్రం బజారులోకి రావాలంటే అదొక్కటే దారని ఆమెకు తోచింది. అదే ఏడాది పేటెంట్ ఆఫీసు అప్పటిదాకా మహిళలు పొందిన పేటెంట్ల జాబితా అచ్చువేసింది. మొత్తం పేటెంట్లలో వాళ్ల వంతు నూటికి ఒకటి కూడా లేదు. ఆ జాబితాలో ఎగ్లిన్ పేరు ఉండే అవకాశం ఎక్కడిది?

చదువు, సంఘాల తలుపులు ఇంకా ఆలస్యంగా తెరుచుకున్నాయి. ఆర్క్ దీపాలు బుస్సుమని ఎందుకు చప్పుడు చేస్తాయో తేల్చిన హెర్తా అయర్టన్ పేరును 1902లో శాస్త్రవేత్తల సంఘమైన లండన్ రాయల్ సొసైటీ సభ్యత్వానికి ప్రతిపాదించారు. లాయర్లను అడిగితే పెళ్లయిన స్త్రీకి అర్హత లేదన్నారు. ఆస్తి చట్టం మారి ఇరవై ఏళ్లయినా కవర్చర్ నీడ అక్కడ అలాగే ఉంది. నాలుగేళ్లకు అదే సొసైటీ ఆమెకు హ్యూస్ పతకం ఇచ్చింది, సభ్యత్వం మాత్రం ఇవ్వలేదు. స్త్రీలు అందులో సభ్యులైంది 1945లో. మేరీ క్యూరీ కనిపెట్టిన రేడియాన్ని పత్రికలు ఆమె భర్తకు కట్టబెడుతుంటే అయర్టన్ పత్రికకు ఉత్తరం రాసింది. తప్పులు చావడమే కష్టం, ఆడమనిషి పనిని మగవాడికి అంటగట్టే తప్పుకైతే పిల్లికన్నా ఎక్కువ ప్రాణాలుంటాయని.

మన తెలుగింటి పిల్ల అయ్యలసోమయాజుల లలిత గారు 1919లో మద్రాసులో పుట్టారు. పద్దెనిమిదేళ్లకే భర్త పోయారు, ఒళ్లో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రికల్ ప్రొఫెసర్. ఆయన పట్టుబట్టి కూతురిని అదే కాలేజీలో చేర్పించారు. 1943లో ఆమె ఎలక్ట్రికల్ ఇంజనీరుగా బయటికొచ్చారు. పట్టా కాగితం మీద ‘హి’ అని అచ్చై ఉంది. స్త్రీ చదువుతుందని ఎవరూ అనుకోలేదు గనక ఇంకో మాట అచ్చువేయలేదు. దాన్ని కొట్టేసి ‘షి’ అని చేత్తో రాసిచ్చారు. 1790 నాటి అమెరికా చట్టంలో ఉన్న ఆ చిన్న మాట మన కాలేజీ పట్టా మీదికి నూటయాభై ఏళ్ల తర్వాత కొట్టివేతగా వచ్చింది. సుబ్బారావు గారికి పొగలేని పొయ్యి లాంటివాటి మీద పేటెంట్లు ఉండేవి. చదువయ్యాక లలిత గారు కొంతకాలం ఆయన పరిశోధనలో సాయం చేసి, తర్వాత కలకత్తాలో కంపెనీ ఉద్యోగానికి వెళ్లి, భాక్రా నంగల్ విద్యుత్ లైన్ల పనిలో పాలుపంచుకున్నారు. ఆ తండ్రి లాంటి మనిషి ఎంతమంది ఆడపిల్లలకు దొరికాడన్నదే నా ప్రశ్న.

సరే, ఇప్పుడు కాలేజీలు తెరిచే ఉన్నాయి. మన దేశంలో సైన్స్, ఇంజనీరింగ్ పట్టాలు పుచ్చుకునేవాళ్లలో అమ్మాయిలు 40 శాతానికి పైనే. హైదరాబాద్, విజయవాడ చుట్టూ ఏ ఇంజనీరింగ్ కాలేజీ బస్సు చూసినా ఆ మాట నిజమని తెలుస్తుంది. మరి పేటెంట్లలో తేడా ఎందుకు? అమెరికా సమాచారంతో జెన్నిఫర్ హంట్, ఆమె సహచరులు చేసిన అధ్యయనం ఒకటి నన్ను ఆశ్చర్యపరిచింది. సైన్స్, ఇంజనీరింగ్ డిగ్రీలు స్త్రీలకు తక్కువగా ఉండటం వల్ల ఏర్పడే తేడా మొత్తంలో 7 శాతమే. మిగతాదాంట్లో ఎక్కువ భాగం ఆ డిగ్రీలు ఉన్నాక వచ్చేదే. ఏ బ్రాంచి తీసుకున్నారు, ఉద్యోగంలో డిజైన్ పని దక్కిందా లేక వేరే పని అప్పగించారా అన్న దగ్గర తేడా మొదలవుతుంది. జీవశాస్త్ర పరిశోధకులు 4 వేల మందికి పైగా ఉన్న ఇంకో పరిశీలనలో, ఒకే స్థాయి ప్రొఫెసర్లలో కూడా స్త్రీలు పేటెంట్ తీసుకునే రేటు పురుషుల దానిలో 40 శాతం దగ్గరే ఉందని తేలింది. కంపెనీలతో పరిచయాలు లేకపోవడం అందులో పెద్ద కారణం. ‘మీ పరిశోధన మా కంపెనీకి పనికొస్తుంది, రండి మాట్లాడుకుందాం’ అని ఫోన్ చేసే స్నేహితుడు ఒకరికి ఉంటాడు, ఇంకొకరికి ఉండడు.

దరఖాస్తు వేశాక పేరు మళ్లీ అడ్డం వస్తుంది. 2018లో వచ్చిన అధ్యయనంలో దాదాపు 27 లక్షల అమెరికా దరఖాస్తులు చూశారు. స్త్రీల దరఖాస్తులకు ఆమోదం దొరికే అవకాశం తక్కువ. అయితే పేరు వినగానే ఆడమనిషి అని తెలిసిపోయేచోట ఆ తేడా 8.2 శాతం, అరుదైన పేరుతో ఆడో మగో పోల్చుకోలేనిచోట 2.8 శాతమే. లక్ష్మి అంటే మనకు వెంటనే తెలుస్తుంది, అక్కడ దరఖాస్తును పరీక్షించే ఎగ్జామినర్‌కు తెలియకపోవచ్చు. మేరీ అంటే అతనికి తెలుస్తుంది. మగవాడి పేరుతో ఉత్తరాలు రాసిన మార్తా కాస్టన్ భయం వట్టి అనుమానం కాదని నూటయాభై ఏళ్లకు అంకెలు చెప్పాయి.

దరఖాస్తులోకి పేరు ఎక్కడమే ఇంకో గండం. 2022లో అమెరికా విశ్వవిద్యాలయాల పరిశోధన బృందాలను పరిశీలిస్తే, ఒకే బృందంలో పనిచేసినా మహిళ పేరు పరిశోధన పత్రం మీద ఉండే అవకాశం మగవాడి కంటే 13 శాతం తక్కువని, పేటెంట్ మీద ఉండే అవకాశం 58 శాతం తక్కువని తేలింది. పేటెంట్ మీద డబ్బుంటుంది. ఎక్కడ డబ్బుంటే అక్కడ పేరు త్వరగా జారిపోతోంది.

మన దేశంలో 2019 నుంచి మహిళ దరఖాస్తుదారుగా ఉంటే పేటెంట్‌ను త్వరగా పరీక్షించమని కోరే వీలుంది. మంచిదే, క్యూలో నిలబడ్డవాళ్లకు ఉపయోగం. క్యూ దాకా రానివాళ్ల సంగతి చిన్నతనంలోనే తేలిపోతుంది. ఆర్థికవేత్త రాజ్ చెట్టి బృందం పన్నెండు లక్షల మంది అమెరికా ఆవిష్కర్తల జీవితాలను వెనక్కి వెళ్లి చూసింది. మహిళా ఆవిష్కర్తలు ఎక్కువగా ఉన్న చోట పెరిగిన ఆడపిల్లలు ఆ రంగంలోనే ఆవిష్కర్తలయ్యే అవకాశం ఎక్కువ. చుట్టుపక్కల మగ ఆవిష్కర్తలు ఉంటే ఆ ప్రభావం ఆడపిల్లల మీద కనిపించలేదు. మగపిల్లలకు మగ ఆవిష్కర్తలు కనిపించినంతగా ఆడపిల్లలకు మహిళలు కనిపిస్తే ఈ తేడా సగానికి తగ్గుతుందని వాళ్ల అంచనా. పాత కాగితాల్లో చెరిగిపోయిన పేర్లు ఇప్పటి పిల్లలకు కూడా నష్టం చేస్తున్నాయని దీన్నుంచి నాకు అర్థమైంది.

నష్టం ఆ పిల్లలకు మాత్రమే పరిమితం కాదు. 1976 నుంచి 2010 దాకా అమెరికాలో వచ్చిన వైద్య సంబంధ పేటెంట్లను చూస్తే, మొత్తం స్త్రీలే ఉన్న బృందాలు స్త్రీల ఆరోగ్య సమస్యల మీద దృష్టి పెట్టే అవకాశం మొత్తం పురుషులే ఉన్న బృందాల కంటే 35 శాతం ఎక్కువ. నొప్పి తెలిసినవాళ్లకే దాని మందు గురించి ఆలోచన వస్తుంది.

నొప్పి అంటే నాకు ఆసు గుర్తొస్తుంది. పోచంపల్లి, పుట్టపాక వైపు చీరకు రంగులద్దే ముందు పోగును ఆసు పోస్తారు. ఒకవైపు ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరుసగా మేకులు. పోగును ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు చుడుతూ పోవాలి. ఒక చీరకు చేయి దాదాపు 9 వేల సార్లు ఆడుతుంది. రోజుకు రెండు చీరలైతే 18 వేలు. ఈ పని ఇంటి ఆడవాళ్లదే. భుజం పట్టేస్తుంది, మోచేయి లాగేస్తుంది. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి బాధ చూడలేక 1992లో దీనికి యంత్రం చేయాలని మొదలుపెట్టారు. బడి చదువు మధ్యలోనే ఆగిపోయిన మనిషి. హైదరాబాద్‌లో పనులు చేసుకుంటూ, మిగిల్చిన డబ్బుతో ఒక్కో భాగం కట్టారు. చివరి చిక్కు విడింది బాలానగర్‌లో పనికి వెళ్లినచోట ఒక యంత్రం కదలిక చూశాక. 1999లో ఆసు యంత్రం పూర్తయింది. గంటల తరబడి పట్టే పని గంటన్నరకు తగ్గింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఆయన మీద ఉన్న గౌరవంతోనే ఈ మాట అంటున్నాను. పెద్ద చదువు అక్కర్లేదని, డిగ్రీ లేకుండానే గొప్ప యంత్రం పుడుతుందని ఆయన చూపించారు. ఆ పోగు ఎక్కడ తట్టుకుంటుందో, ఎంత బిగువు పడితే తెగుతుందో వేలికొసలతో తెలిసినవాళ్లు ఆ ఊళ్లలో వందల మంది ఆడవాళ్లు. వాళ్లలో ఎవరు ఒంటరిగా హైదరాబాద్ వెళ్లి గది తీసుకుని, బాలానగర్ వర్క్‌షాపుల్లో నిలబడి యంత్రాలను చూస్తూ, ఏడేళ్లు ఇంటికి డబ్బు పంపకుండా ఉండగలిగేవాళ్లు?

ఆ యంత్రానికి మల్లేశం గారు తల్లి పేరే పెట్టారు. దాన్ని లక్ష్మీ ఆసు యంత్రం అంటారు.